నవంబరు 1న వార్సా శ్మశానంలో ఒక సాయంత్రం. పెద్దలకు పెట్టుకునే పండగలు మీరున్న చోట ఎలా ఉంటాయి?

గౌతమి_గట్టు (వార్సా) | 3 నవంబరు 2024

అందరికీ నమస్కారం. మాది కోనసీమ. రెండేళ్లుగా ఉద్యోగం మీద పోలండ్‌లో ఉంటున్నాను. ఈ ఏడాది మాఘమాసంలో మా నాన్నగారు పోయారు. ఏడాది తిరగలేదు కాబట్టి మాకు దసరా లేదు, దీపావళి లేదు. మొన్న శుక్రవారం మాత్రం ఇక్కడి శ్మశానంలో ఒక సాయంత్రమంతా గడిపాను. అది ఎవరితోనైనా చెప్పుకోవాలని ఉంది.

నవంబరు 1 ఇక్కడ దేశమంతటికీ సెలవు. సకల పునీతుల పండుగ. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు సొంతూళ్లకు ప్రయాణమై పోతారు, మన సంక్రాంతికి వెళ్లినట్టే. వార్సాలో శ్మశానాలకు 'సి' అక్షరంతో ప్రత్యేక బస్సులు వేస్తారు. మా కింది ఫ్లాటులో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. సంచులు మోయడానికి సాయం వెళ్లాను. సంచిలో ఒక చిన్న బ్రష్షు, నీళ్ల సీసా, పాత గుడ్డ, రెండు చామంతి కుండీలు, ఎనిమిది గాజు లాంతర్లు. ఈ లాంతరును 'జ్నిచ్' అంటారు. గాజు కుప్పెలో మైనం, పైన చిల్లుల మూత. గాలికి ఆరదు.

మేం వెళ్లింది బ్రుద్నో శ్మశానానికి. పది లక్షలకు పైగా మందిని పాతిపెట్టిన చోటు. గేటు దగ్గర పూలవాళ్లు, లాంతర్లవాళ్లు, గులాబీ తెలుపు రంగుల్లో 'పాన్స్కా స్కుర్కా' అనే మిఠాయి కాగితంలో చుట్టి అమ్మేవాళ్లు. అచ్చం తీర్థమే. ఆవిడ వాళ్లాయన సమాధి మీద ఆకులు ఊడ్చి, తడిగుడ్డతో పేరులో ఒక్కో అక్షరం తుడిచారు. దీపం పెట్టారు. తర్వాత ఆ వెనక వరసలో నాచు పట్టి పేరు కూడా కనపడని ఒక సమాధి దగ్గర ఆగి ఇంకో దీపం పెట్టారు. మీవాళ్లా అని అడిగాను. కాదు, దీనికి ఎవరూ రావడం నేను చూడలేదు, అందుకని పెడతాను అన్నారు.

శ్మశానం మధ్యలో పెద్ద శిలువ ఉంది. దాని కింద వందల దీపాలు. సమాధి ఎక్కడో దూరాన ఉన్నవాళ్ల కోసం, అసలు సమాధే లేనివాళ్ల కోసం అక్కడ పెడతారట. ఆవిడ ఒక లాంతరు నా చేతికిచ్చి "ఇది మీ నాన్నకి" అన్నారు. నాన్నగారి అస్థికలు గోదావరిలో కలిపాం. ఆయనకి సమాధి లేదు. గాలికి లైటరు రెండుసార్లు ఆరిపోతే ఆవిడ తన కోటు అంచు అడ్డం పట్టారు. మూడోసారి అంటుకుంది.

మీరున్న దేశాల్లో, మీ ఊళ్లలో, పోయినవాళ్లను ఇలా పండగలా తలుచుకునే రోజులుంటే చెప్పండి. మీరు కళ్లారా చూసినవైతే మరీ మంచిది.

---

సముద్రఘోష (విశాఖపట్నం) | 3 నవంబరు

బాబూ, మీ నాన్నగారికి సద్గతి కలగాలి. రాసింది చదివి మనసు బరువెక్కింది. కాకపోతే ఒక్క మాట. శ్రాద్ధం వేరు, పండగ వేరు. తద్దినం రోజున మనం గుమ్మానికి తోరణం కట్టం, ముగ్గు వెయ్యం. తినేది కూడా భోక్తలు లేచాకే. ఇతరుల సంప్రదాయాలు గొప్పవే, కానీ రెంటినీ ఒక గాటన కట్టకండి. పితృకార్యంలో ఉండాల్సింది శ్రద్ధ. ఉత్సాహం కాదు.

---

పాలపిట్ట (కరీంనగర్) | 3 నవంబరు

@సముద్రఘోష గారూ, పెద్దవారు మీరు, తప్పుగా అనుకోకండి. మా దిక్కు ఆ రెండూ ఒక్క రోజే వస్తాయి. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య, పొద్దున పెద్దలకు బియ్యం ఇస్తాం. బియ్యం, పప్పు, కూరగాయలు, చింతపండు, ఉప్పు అన్నీ అరిటాకులో పెట్టి, తాత పేరు, ముత్తాత పేరు చెప్పి అయ్యగారికి ఇవ్వడం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున కళ్లు తుడుచుకున్న మా అమ్మ సాయంత్రం గునుగు పూలకు రంగులద్ది తాంబాలంలో పేరుస్తది. అమ్మకు అవి రెండు వేరు వేరు పనులని ఎప్పుడూ అనిపించలేదు.

---

సముద్రఘోష | 3 నవంబరు

నిజమేనమ్మా. అది నేను మర్చిపోయాను. ఆ మాటకొస్తే మా ఉత్తరాంధ్రలోనూ సంక్రాంతి నాడు కొత్త బట్టలు ముందు పెద్దల పేరున పెట్టి, సాంబ్రాణి వేసి, ఆ తర్వాతే పిల్లలు కట్టుకోవడం. పెద్ద పండగ అనే పేరు అందుకేనని మా ఇంట్లో చెప్పేవారు.

---

నల్లరేగడి (గుంటూరు జిల్లా) | 4 నవంబరు

మా ఊరి సంగతి చెప్తాను, విదేశం కాదు. మేం క్రైస్తవులం. నవంబరు 2 మాకు సమాధుల పండుగ. మొన్న శనివారమే అయింది. వారం ముందు నుంచే గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేసి, మాసిపోయిన పేర్లు నల్ల రంగుతో దిద్దుతారు. ఆ రోజు బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తులు, అగరుబత్తీలు. చీకటిపడ్డాక పొలాల మధ్య ఆ తోట ఒక్కటే వెలుగుతూ ఉంటుంది. హైదరాబాదులో, బెంగుళూరులో ఉన్న మా వాళ్లు క్రిస్మస్‌కి రాకపోయినా దీనికి వస్తారు.

మా నాయనమ్మకు వక్కపొడి అంటే ప్రాణం. మా అత్త ఇప్పటికీ చిన్న పొట్లం తెచ్చి సమాధి తల దగ్గర పెడుతుంది. ఎవరైనా ఇదేంటి అంటే, "నా తల్లికి నేను పెట్టుకుంటున్నా" అంటుంది. ఇంకెవరూ మాట్లాడరు.

---

ఎర్రమట్టి_దారి (గ్వాదలహారా, మెక్సికో) | 4 నవంబరు

నల్లరేగడి గారూ, మీ బంతిపూల మాట చూసి ఆగలేకపోయాను. ఇక్కడ మృతుల దినం పూర్తిగా బంతిపూల పండగ. మొక్క పుట్టిల్లే మెక్సికో. మన దేశానికి పోర్చుగీసుల కాలంలో వచ్చిందని చెబుతారు. ఇక్కడ దాన్ని 'సెంపసూచిల్' అంటారు. పాత నావాట్ల్ భాషలో 'ఇరవై పువ్వు' అని అర్థం. ఎన్నో రేకులు కదా, అందుకు.

మా ఇంటి యజమానురాలు వీధి గేటు నుంచి హాల్లో పెట్టిన బల్ల దాకా బంతి రేకులతో బాట వేసింది. ఆ వాసన పట్టుకుని, ఆ రంగు చూసుకుని పోయినవాళ్లు ఇల్లు గుర్తుపడతారని. బల్ల మీద వాళ్లాయన ఫోటో, ఒక చిన్న గ్లాసు టెకీలా, ఆయన తాగే సిగరెట్ పెట్టె, ఎముకల ఆకారం పైన అద్దిన తీపి రొట్టె, ఉప్పు, కోపాల్ ధూపం. అది మన సాంబ్రాణిలాగే చెట్టు బంక. వీటన్నిటికంటే ముందు ఆవిడ పెట్టింది మంచినీళ్ల గ్లాసు. "చాలా దూరం నుంచి వస్తాడు, దాహంగా ఉంటాడు" అంది. మా అమ్మ తలుపు తీయగానే నాకు నీళ్లిచ్చేటప్పుడు అనే మాట ఇదే.

నవంబరు 1 చిన్నపిల్లల ఆత్మలకు, 2 పెద్దవాళ్లకు. యునెస్కో 2008లో తన జాబితాలో చేర్చింది. మెక్సికో సిటీలో ఇప్పుడు టీవీల్లో చూపించే పెద్ద ఊరేగింపు పాతది కాదు. ఒక హాలీవుడ్ సినిమాలో అలాంటిది కల్పించి చూపించాక 2016లో మొదలుపెట్టారు. చూడాలనుకునేవాళ్లకు నా సలహా, చిన్న ఊరి శ్మశానానికి వెళ్లండి. పాత్స్‌క్వారో సరస్సు మధ్య హనీట్సియో దీవికి నేను ఒకసారి వెళ్లాను. రాత్రంతా సమాధుల పక్కన కొవ్వొత్తులు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల ముఖాల మీద పర్యాటకుల ఫోన్ లైట్లు. నాకే సిగ్గనిపించి ఫోన్ జేబులో పెట్టేశాను.

---

పెన్న_ఇసుక (కడప) | 4 నవంబరు

మాకు షబ్-ఎ-బరాత్. షాబాన్ నెల 14వ రోజు రాత్రి. జాగ్నే కీ రాత్ అంటాం, నిద్రపోం. హల్వా చేసి ఫాతెహా ఇచ్చి ఇరుగుపొరుగుకు పంచుతాం. రాత్రి నమాజు తర్వాత మగవాళ్లం ఖబరస్థాన్‌కు పోయి మా అబ్బ ఖబర్ మీద పూలు చల్లి దువా చేస్తాం. దీపాలు, హల్వా అవసరం లేదనేవాళ్లు మాలోనూ ఉన్నారు. మా అమ్మ మాత్రం ఆ రాత్రి హల్వా చేయకుండా ఉండదు. గౌతమి_గట్టు అన్నా, మీ నాన్నగారి కోసం ఈసారి నేనూ దువా చేస్తా.

---

సుధామయి (దేజాన్, దక్షిణ కొరియా) | 5 నవంబరు

నాకు కొంచెం వేరే విషయం చెప్పాలని ఉంది. ఇక్కడ చుసోక్ అని ఎనిమిదో చాంద్రమాసం పున్నమికి వస్తుంది. ఈసారి సెప్టెంబరు 17, మన భాద్రపద పున్నమి దరిదాపుల్లో. మూడు రోజుల సెలవు. పండక్కి ముందే మగవాళ్లు ఊళ్లకు వెళ్లి సమాధుల దిబ్బల మీద పెరిగిన గడ్డి కోసి వస్తారు. పండగ పొద్దున్నే కొత్త బియ్యం అన్నం, సూప్, చేప, పళ్లు, మద్యం వరసగా బల్ల మీద పెట్టి ఇంటిల్లిపాదీ సాష్టాంగం లాంటి నమస్కారం చేస్తారు. ఆ పూజను 'చారె' అంటారు.

నా ల్యాబ్‌మేట్ వాళ్లింటికి వెళ్లాను. ముందు రోజు మధ్యాహ్నం వాళ్లమ్మగారు, పెద్దకోడలు నేల మీద కూర్చుని అరచంద్రంలా 'సోంగ్‌ప్యోన్' చేస్తున్నారు. బియ్యప్పిండి లోపల నువ్వులు, తేనె. మన కజ్జికాయ మడిచినట్టే మడిచి, ఆవిరిపాత్రలో దేవదారు లాంటి చెట్టు సూదాకులు పరిచి వాటి మీద ఉడికిస్తారు. ఇల్లంతా అడవి వాసన. నేనూ పది చేశాను. అందంగా చేస్తే అందమైన కూతురు పుడుతుందని ఆవిడ నాకు చెప్పారు.

కానీ ఆ పెద్దకోడలు పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. గుమ్మడి ముక్కలు, చేప ముక్కలు పిండిలో ముంచి వేయిస్తూనే ఉంది. ఆ పెట్టేది ఎవరి పూర్వీకులకు? భర్త తరఫువాళ్లకు. పండగలయ్యాక ఆడవాళ్లకు వచ్చే ఒళ్లునొప్పులకూ టెన్షన్‌కూ కొరియా భాషలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. 2022లో కన్ఫ్యూషియస్ సంప్రదాయానికి పెద్దదిక్కైన సోంగ్‌గ్యున్‌గ్వాన్ సంస్థే ముందుకొచ్చి, నూనెలో వేయించినవి పెట్టాలని శాస్త్రంలో లేదు, తొమ్మిది రకాలు చాలు అని ప్రకటించింది. ఆ మాట విని నాకు మా అమ్మ గుర్తొచ్చింది. తద్దినం నాడు తడిబట్టతో, ఏమీ తినకుండా మధ్యాహ్నం రెండింటి దాకా వంట. ఆమె పుట్టింటి పెద్దల పేర్లు ఆ రోజు ఎవరూ తలవరు.

---

పాలపిట్ట | 5 నవంబరు

సుధా, చివరి మాట గుండెల్లో గుచ్చుకుంది చెల్లీ. రేపు అమ్మనడిగి వాళ్ల అమ్మమ్మ పేరు రాసిపెట్టుకుంటా. ఇంత వయసొచ్చినా నాకు ఆ పేరు తెలియదు.

---

వరికంకి (నగోయా, జపాన్) | 6 నవంబరు

ఇక్కడ ఆగస్టు 13 నుంచి 16 వరకు ఒబోన్. టోక్యోలో చాలాచోట్ల జులైలోనే చేస్తారు. ప్రభుత్వ సెలవు కాకపోయినా చాలా కంపెనీలు మూసేస్తారు. మొదటి రోజు వాకిట్లో చిన్న మంట వేసి పెద్దలను పిలుస్తారు, చివరి రోజు మళ్లీ మంట వేసి సాగనంపుతారు. క్యోటోలో 16వ తేదీ రాత్రి 8 గంటలకు ఐదు కొండల మీద పెద్ద పెద్ద మంటలు పెట్టేది ఆ సాగనంపడానికే.

నాకు బాగా నచ్చింది కూరగాయల బొమ్మలు. దోసకాయకు నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకు గుచ్చి ఆవును చేస్తారు. వచ్చేటప్పుడు గుర్రం మీద త్వరగా రావాలి, వెళ్లేటప్పుడు ఆవు మీద మెల్లగా వెళ్లాలి అని. మా పక్కింటాయన ఎనభై ఏళ్లవాడు, భార్య కోసం చేసిన వంకాయ ఆవుకి కాళ్లు కొంచెం పొట్టిగా గుచ్చాడు. ఇంకా నెమ్మదిగా వెళ్లాలట.

---

నీలిమేఘం (హైదరాబాద్) | 6 నవంబరు

సముద్రఘోష గారు బట్టలు పెట్టడం గురించి రాశారు కదా. మేం మూడేళ్లు మడగాస్కర్‌లో ఉన్నాం. అక్కడి ఎగువ ప్రాంతాల్లో 'ఫమదిహానా' అని, కొన్నేళ్లకోసారి వానల్లేని చలికాలంలో సమాధి తెరిచి, పెద్దల అవశేషాలకు కొత్త పట్టుగుడ్డ చుట్టి, భుజాల మీద ఎత్తుకుని బాజాలతో ఆడి, మళ్లీ లోపల పెడతారు. మొదట విన్నప్పుడు భయపడ్డాను. చూశాక భయం పోయింది. ఒకామె ఆ గుడ్డ మీద చెయ్యి వేసి, ఇంట్లో పుట్టిన మనవరాలి కబురు చెబుతోంది.

---

మెకాంగ్_ఒడ్డు (నోంపెన్, కంబోడియా) | 8 నవంబరు

ఈ చర్చ నాలుగు రోజులుగా చదువుతున్నాను. నేను చూసింది తీరిగ్గా రాస్తాను, కాస్త పొడవైనా ఓపిక పట్టండి.

ఇక్కడి పండగ పేరు 'ప్చుమ్ బెన్'. ఈ 'బెన్' మన పిండమే. సంస్కృతం, పాళీల నుంచి వచ్చిన మాట. ప్చుమ్ అంటే కూడటం. నెల పేరు వాళ్ల ఉచ్చారణలో 'ఫోత్రోబోత్', అంటే భాద్రపదం. బహుళపక్షం పదిహేను రోజులూ చేస్తారు. మన మహాలయ పక్షం ఎప్పుడో ఇదీ అప్పుడే. ఈ ఏడాది మన మహాలయ అమావాస్యా, ఇక్కడి ప్చుమ్ బెన్ రోజూ రెండూ అక్టోబరు 2నే వచ్చాయి. పాలపిట్ట గారు బియ్యం ఇచ్చిన పొద్దున, నేను ఇక్కడ గుడిలో ఉన్నాను.

తెల్లవారుజాము నాలుగు. వానాకాలం కదా, బురద. తెల్ల చొక్కాలు, తెల్ల పైటల జనం చెప్పులు విడిచి బౌద్ధ విహారం చుట్టూ చీకట్లో తిరుగుతున్నారు. చేతుల్లో అగరుబత్తీలు, ఒక పళ్లెం. పళ్లెంలో నువ్వులు కలిపిన జిగురు అన్నం ముద్దలు. నువ్వులు! ఆ ముద్ద చేతిలోకి తీసుకోగానే మా తాతగారి తద్దినం గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. ఆ ముద్దలను గుడి చుట్టూ చీకట్లోకి విసురుతారు. ప్రేతాలకు నోరు సూది బెజ్జమంత ఉంటుందని, వెలుతురు భరించలేవని, అందుకే తెల్లారకముందే పెట్టాలని నమ్మకం. ఒకరు పెడితే తప్ప తినలేని ఆ ప్రేతాలను బౌద్ధ గ్రంథాల్లో పరదత్తోపజీవులంటారు.

పోయినవాళ్లు తమవాళ్ల కోసం ఏడు గుళ్లు వెతుకుతారట. ఏ గుడిలోనూ తమ పేరున ఏమీ కనపడకపోతే ఉసూరుమని శపించి పోతారని చెబుతారు. అందుకని చాలామంది ఏడు గుళ్లూ తిరుగుతారు.

మా ఫ్యాక్టరీలో టైలరింగ్ సెక్షన్‌లో ఒకామె ఉంది, యాభై దాటింది. ఇక్కడ ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలన 1975 నుంచి 1979 దాకా సాగింది. 15 నుంచి 20 లక్షల మంది పోయారని అంచనా. పండగలు లేవు, భిక్షువుల చేత కాషాయాలు విప్పించారు. అప్పుడు ఈమె పసిపిల్ల. నాన్నను ఒక రాత్రి తీసుకెళ్లారు. ఎక్కడ చంపారో, ఎక్కడ పూడ్చారో ఇప్పటికీ తెలియదు. "ఏ గుడికి వస్తాడో నాకెలా తెలుస్తుంది, అందుకే ఏడూ తిరుగుతాను" అంది. పళ్లెంలో ఆఖరి ముద్ద తన నాన్నకు కాదట. ఎవరూ పెట్టనివాళ్లకు అని చెప్పి విసిరింది.

గౌతమి_గట్టు గారూ, మీ పెద్దావిడ నాచు పట్టిన సమాధి దగ్గర పెట్టిన దీపం చదివినప్పుడు నాకు ఈమే గుర్తొచ్చింది.

---

వరికంకి | 8 నవంబరు

చదివి కాసేపు ఏమీ చెయ్యలేకపోయాను. ఒబోన్‌లో కూడా కొన్ని ఇళ్లలో సొంత పెద్దలకు కాక, వెనక ఎవరూ లేని ఆత్మల కోసం పక్కన వేరే చిన్న పీట వేసి అన్నం, నీళ్లు పెడతారు. మొన్న రాసేటప్పుడు అది పెద్ద విషయం అనిపించలేదు.

---

సముద్రఘోష | 9 నవంబరు

మొదట్లో నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నలభై ఏళ్లుగా తర్పణాలు వదులుతున్నాను. చివర్లో ఒక శ్లోకం చెప్పి, జంధ్యం దండగా వేసుకుని, దర్భల నీళ్లు వదులుతాం. "యేషాం న మాతా న పితా న బంధుః" అని మొదలవుతుంది. ఎవరికి తల్లి లేదో, తండ్రి లేడో, చుట్టం లేడో వాళ్లందరూ ఈ నీళ్లతో తృప్తి పొందుగాక అని. ఇన్నేళ్లూ అది ముగింపు శ్లోకం, అదయితే లేవొచ్చు అన్న ధ్యాసలోనే చెప్పాను. నిన్న రాత్రి కంబోడియా సంగతి చదివాక ఆ శ్లోకం మళ్లీ ఒకసారి పైకి చదువుకున్నాను.

గౌతమి బాబూ, ఏటి సూతకంలో ఆ శిలువ దగ్గర దీపం పెట్టొచ్చా అని నువ్వు అడగలేదు, కానీ నీ మనసులో ఆ సందేహం ఉన్నట్టు నాకు అనిపించింది. తండ్రి పేరున దీపం పెట్టడానికి ఏ సూతకమూ అడ్డం కాదు నాయనా.

---

గౌతమి_గట్టు | 9 నవంబరు

మాస్టారూ, ఆ సందేహం ఉంది. అమ్మకు ఇప్పటిదాకా చెప్పలేదు. మీ మాట చూశాక ఇందాకే ఫోన్ చేసి చెప్పాను. అమ్మ రెండు నిమిషాలు ఏమీ అనలేదు. తర్వాత, "ఆ దీపం ఎంతసేపు వెలిగిందిరా" అని అడిగింది. మూడు రోజులు వెలుగుతుందమ్మా, పెద్ద సైజుది అన్నాను.

---

గౌతమి_గట్టు | 18 ఫిబ్రవరి 2025

చాలా రోజులకు రాస్తున్నాను. నాన్నగారి సంవత్సరీకం అయింది. సెలవు దొరక్క వెళ్లలేకపోయాను. ఊళ్లో అన్నయ్య చేశాడు, నేను వీడియోలో చూశాను. భోక్తలు లేచాక అమ్మ, "నువ్వు కూడా అక్కడ ఒక ముద్ద పెట్టు" అంది.

ఇక్కడ మంచు. నిమ్మకాయ పులిహోర చేశాను, నాన్నకు చాలా ఇష్టం. కింది ఫ్లాటు పెద్దావిడ వచ్చి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆయనకింకా ఏమిష్టం అని అడిగారు. చెప్పుకుంటూ పోయాను. పులస పులుసు, పొద్దున్నే రేడియో, ఏటిగట్టు మీద నడక. ఆవిడకు సగం అర్థమై ఉండదు, కానీ ఆపలేదు.

ముద్ద ఒక కాగితం పళ్లెంలో బాల్కనీ గోడ మీద పెట్టి తలుపు వేశాం. ఇక్కడ చిన్న కాకులుంటాయి, మెడ దగ్గర బూడిదరంగు, మన ఊరి కాకిలాగే ఉంటుంది. ఇద్దరం అద్దం వెనక నిలబడ్డాం. పదిహేను నిమిషాలు ఏమీ రాలేదు. ఆవిడ కదలకుండా నిలబడే ఉన్నారు. తర్వాత ఒకటి వచ్చి గోడ చివర వాలింది. అటూ ఇటూ చూసింది. పక్కకు గెంతుకుంటూ వచ్చి వేరుశనగ గింజ ఒకటి తీసుకుంది, తర్వాత అన్నం ముట్టింది.